తువ్వాళ్లు తయారుచేసే చేతులకు ఆరబెట్టుకునే తీగ లేదా?



షోలాపూర్ తువ్వాలు దేశమంతటా పోతుంది. ఊరూరా జనం దానితో ఒళ్లు తుడుచుకుంటారు. దానికి కండెలు చుట్టి, అంచులు కుట్టి, మడతలు పెట్టే మన ఆడవాళ్లలో ఎంతోమందికి చెమటకు తడిసిన లోబట్ట మార్చుకోవడానికి కార్ఖానాలో తలుపున్న గది కూడా లేదు. ఇలాంటి మాటలు బులెటిన్‌లో రాయాలా అని కొందరు అన్నలు ముఖం చిట్లిస్తారు. రాయాలి. కూలి రేటు గురించి, బోనస్ గురించి రాసినట్టే దీని గురించీ రాయాలి.

"శుభ్రత ఎవరికి వారి సొంత విషయం, ఆడవాళ్లకు అవగాహన లేదు" అనేది యాజమాన్యాల పాత పాట. అవగాహన లేనిదెవరికి? నూలు లోబట్టలు వాడాలి. రోజూ మార్చుకోవాలి, చెమటకు తడిస్తే మళ్లీ మార్చుకోవాలి. సబ్బు పెట్టి ఉతికి, సబ్బు పోయేదాకా జాడించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. బహిష్టు గుడ్డకూ ఇదే పద్ధతి. ఇందులో మన అమ్మలకు తెలియనిదేముంది? తెలియక కాదు, నీళ్లు లేక, తీరిక లేక, చోటు లేక మానేస్తున్నారు.

నూలు తెగకుండా నేత షెడ్డులో గాలిని తేమగా ఉంచుతారు. నూలుకు మేలు చేసే ఆ తేమే మనిషి ఒంటికి కీడు. వేడి, చెమట, బట్ట ఒరిపిడి కలిసినచోట తామర పుడుతుంది. మరుగుదొడ్డి కంపు భరించలేక మన ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తారు, మూత్రం ఆపుకుంటారు. చివరికి మూత్రంలో మంట. దురదకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మొదట తగ్గినట్టే అనిపించి, తామర ఇంకా పాకుతుంది. డాక్టరు రాయని ట్యూబు వాడకండి. తెల్లబట్టతో పాటు దురద గాని, దుర్వాసన గాని ఉంటే దాచుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఇక చట్టం మాట. ఆడవాళ్లకు వేరుగా, చాటుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్, కడుక్కునే వసతి కూడా వేరుగా ఉండాలని 42వ సెక్షన్ చెప్పాయి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 24వ సెక్షన్‌లో కడుక్కునే వసతితో పాటు బట్టలు పెట్టుకునే చోటు, తడిబట్టలు ఆరబెట్టుకునే చోటు కూడా యజమాని బాధ్యత అని ఉంది. చట్టమే ఇంత విడమరచి చెప్పాక మనకు సిగ్గెందుకు? ఒకే షెడ్డును కాగితాల మీద ముక్కలు చేసి పదిమంది లోపే ఉన్నారని చూపించే సేఠ్‌లకు కదా సిగ్గుండాల్సింది!

అన్నలారా, మన ఇళ్ల సంగతీ చూసుకుందాం. మన బనియన్ తీగ మీద ఎండలో దర్జాగా ఆరుతుంది. ఆడవాళ్ల లోబట్ట తలుపు వెనక చీకట్లో, లేదంటే తడిచీర కింద ముక్కిపోతుంది. మర్నాడు ఆ తడిబట్టే కట్టుకుని ఆమె డ్యూటీకి పోతుంది. గేటు దగ్గర సమానత్వం నినాదమిచ్చి, ఇంటి తీగ మీద దాన్ని ఒప్పుకోకపోతే ఆ నినాదానికి విలువేముంది?

అడగనిదే ఏదీ రాదు. శానిటరీ న్యాప్‌కిన్ల మీద 12 శాతం జీఎస్టీ 2018 జులైలో ఊరికే పోలేదు. దేశమంతా మహిళలు నోరు విప్పితే పోయింది.

కాబట్టి ఈసారి డిమాండ్ పత్రంలో ఇవి చేరాలి:

1. ఆడవాళ్లకు లోపల గడియ, నీళ్లు, సబ్బు, మూతున్న చెత్తడబ్బా ఉన్న మరుగుదొడ్లు, రోజూ వాటిని కడిగించే ఏర్పాటు.

2. బట్టలు మార్చుకునే గది, ఎండ, గాలి తగిలేచోట ఆరబెట్టుకునే తీగలు.

3. మరుగుదొడ్డికి వెళ్లిన సమయానికి కూలి కోత ఉండకూడదు. కండెల లెక్కన పనిచేసేవాళ్లకు దానికి తగ్గట్టు రేటు కట్టాలి.

ఈ డిమాండ్లు చర్చించే రోజు ఆడవాళ్లు వెనక వరసలో కూర్చోవద్దు. యాజమాన్యంతో మాట్లాడే బృందంలో మీరుండాలి, ఈ మాట మీ నోటితోనే చెప్పాలి. యూనియన్ మీ పక్కన నిలబడుతుంది.