నారు మీద ఈ జుల్మ్ ఎందుకు భాయ్?

మా మొహల్లాలో ఏ మేడ ఎక్కి చూసినా ఒకటే మంజర్. 20 లీటర్ల పెయింట్ బకెట్టు, దాని నడిమధ్య వేలెడంత వంగ మొక్క, చుట్టూ బురద. పక్కనే నడుం మీద చేతులు పెట్టుకుని భాయ్‌సాబ్: "ఇంత పెద్ద గమ్లా ఇచ్చినా ఎదగదేంటి? విత్తనమే ఖరాబు." విత్తనం ఖరాబు కాదు జనాబ్. ఖరాబు చేసింది మీ జల్దీబాజీ.

ఈ మాట అనే హక్కు నాకు ఊరికే రాలేదు. పోయిన ఏడాది అమ్మీ పెరుగు డబ్బాల్లో పెంచిన వంగ నారును చంపింది నేనే. చిన్న గుండ్రటి వంకాయ, బగారా బైంగన్‌కి సరిగ్గా సరిపోయేది. నానీమా కాలం నుంచీ విత్తనం ఎండబెట్టి, పొట్లం కట్టి దాచుకుంటూ వచ్చిన రకం. "ఇంకా పసివి బేటా, ముందు చిన్న గమ్లాల్లో పెట్టు" అంది. వినలేదు. 18 మొక్కలు, 18 బకెట్లు, పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు. రెండు వారాల్లో 16 పోయాయి. పీకి చూస్తే వేళ్లు గోధుమ రంగులో మెత్తగా, కుళ్లు వాసన. అమ్మీ ఏమీ అనలేదు. మిగిలిన రెండిటినీ తన వైపు జరుపుకుంది.

వజహ్ సీదాగా ఉంది. వేలెడు మొక్కకి ఉండేది చిటికెడు వేరు. అది తాగగా మిగిలిన నీళ్లు ఎటు పోతాయి? మట్టిలోనే నిలుస్తాయి. గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్లుంటే వేరుకి ఊపిరాడదు, కుళ్లుతుంది. "మరి పొలంలో నేలకి హద్దే లేదు కదా?" అని బహస్‌కి దిగేవాళ్లున్నారు. పొలంలో నీళ్లు కిందికి ఇంకిపోయే దారి ఉంది. మీ బకెట్టు అడుగున కనీసం రంధ్రముందా?

అలాగని డబ్బాలోనే వదిలేసి, వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయేదాకా చూడటమూ జుల్మే.

అమ్మీ తరీఖా ఇదీ. మొదట విచ్చుకునే రెండాకులు లెక్కలోకి రావు. వాటి తర్వాత నాలుగు అసలు ఆకులు రావాలి. అప్పుడు 4 అంగుళాల గమ్లా. దాని రంధ్రాల్లోంచి వేళ్లు తొంగిచూశాకే 12 అంగుళాలది. మార్చే గంట ముందు నీళ్లు, మార్చేది ఎండ తగ్గాక అసర్ వేళకి. పట్టుకోవాల్సింది ఆకుని, కాడని కాదు: ఆకు పోతే ఇంకోటొస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. టమాటా నారుని మాత్రం కింది ఆకుల దాకా పాతొచ్చు, కాండం నుంచీ వేళ్లేస్తుంది. తర్వాత మూడు నాలుగు రోజులు నీడ. ముల్లంగిని, కొత్తిమీరని అసలు కదపకండి, పెరిగే చోటే విత్తండి.

ఈ ఇల్మ్ అంతా ఇంట్లో అమ్మీల దగ్గర, ఖాలాల దగ్గర ఉంది. ఏ బకెట్టు కొనాలి, ఎప్పుడు నాటాలి అన్న ఫైసలా మాత్రం వీడియో చూసొచ్చిన మగాళ్లది. ఆమెను అడిగితే మన షాన్ తగ్గిపోతుందా? పైగా నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత ఒకటి. పోస్తాడు భాయ్, మనం పోసినంత మాత్రం పోయడు!

ఆ రెండు మొక్కలూ కాశాయి. అమ్మీ రెండు కాయల్ని కోయకుండా పసుపు తిరిగేదాకా ఉంచి విత్తనం తీసింది. ఈ ఏడు మళ్లీ నారు పోసింది. పొట్లం మాత్రం నా చేతికివ్వలేదు.