రుజువయ్యేదాకా మోసేదెవరు?

ఊరి పక్కన రసాయన కర్మాగారం వద్దన్నా, కొత్త పురుగుమందును అనుమానించినా, చెరువు ఎగువన లేఅవుట్లు ఆపమన్నా మనకు వినిపించే జవాబు ఒక్కటే: "హాని జరుగుతుందని శాస్త్రీయంగా రుజువు చేయండి, అప్పుడు ఆపుతాం." పాలకులు, పారిశ్రామికవేత్తలే కాదు, చదువుకున్న మధ్యతరగతి కూడా ఇదే శాస్త్రీయ దృక్పథమని నమ్ముతోంది. కాదన్నవాళ్లకు అభివృద్ధి నిరోధకులన్న ముద్ర సిద్ధంగా ఉంటుంది. ఈ వాదన పైకి ఎంత తర్కబద్ధంగా కనిపించినా ఇందులో శాస్త్రం పాలు తక్కువ. ఒక పదార్థం వల్ల ఏం జరగవచ్చో, ఆ మాట ఎంత నమ్మకంగా అనవచ్చో శాస్త్రం చెబుతుంది. ఆ నమ్మకం కుదిరేలోపు జనం దాన్ని పీలుస్తూ, తాగుతూ ఉండాలా వద్దా అన్నది మాత్రం మనం తేల్చుకోవలసిందే. "రుజువు వచ్చేదాకా సాగనిద్దాం" అనేవాళ్లు తాము నిర్ణయాన్ని వాయిదా వేస్తున్నామనుకుంటారు. నిజానికి అప్పటికే నిర్ణయం జరిగిపోయింది: అనుమానం నిజమైతే వచ్చే నష్టం ఎవరి నెత్తిన పడాలో ఆ ఒక్క మాటతో ఖరారైపోయింది. ముందుజాగ్రత్త సూత్రం ప్రశ్నించేది ఈ పంపకాన్నే.

ఈ పంపకం తీరు తెలియాలంటే సీసం కలిపిన పెట్రోలు చరిత్ర చూడాలి. ఇంజిన్లలో వచ్చే నాకింగ్‌ను టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం అరికడుతుందని 1921లో జనరల్ మోటార్స్ పరిశోధకులు కనిపెట్టారు. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవేలో దాన్ని తయారుచేసే కార్మికులకు మతి చలించింది, ఐదుగురు చనిపోయారు. సీసం విషమన్న సంగతి వైద్యులకు కొత్త కాదు. 1925లో అమెరికా సర్జన్ జనరల్ పిలిచిన సమావేశంలో యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యాండెల్ హెండర్సన్, ఈ పెట్రోలు పొగ జనారోగ్యాన్ని మెల్లమెల్లగా గుల్లచేస్తుందని హెచ్చరించాడు. ఒక కమిటీ వేశారు. ప్రస్తుతానికి నిషేధించేంత ఆధారం లేదని, అధ్యయనం కొనసాగాలని ఆ కమిటీ 1926లో తేల్చింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు సీసంపై పరిశోధన ప్రధానంగా పరిశ్రమ డబ్బుతో, రాబర్ట్ కీహో అనే శాస్త్రవేత్త కనుసన్నల్లో సాగింది. హాని ఉందని లెక్కలు చూపిస్తే మానేస్తామన్నది ఆయన వాదన. ఆ లెక్కలు తీయగల ప్రయోగశాల, నిధులు ఉన్నదేమో ఆయన పక్షం దగ్గరే. మనుషుల ఒంట్లోని సీసం సహజమైనది కాదని 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త వాదించేదాకా, పిల్లల మెదళ్లు దెబ్బతింటున్నాయన్న ఆధారాలు గుట్టలుగా పోగుపడేదాకా కథ మారలేదు. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో పోయింది. ప్రపంచంలో దాన్ని అమ్మిన చివరి దేశమైన అల్జీరియాలో 2021లో ఆగింది. రుజువు వచ్చింది, కాదనలేం. అయితే దాన్ని కూడబెట్టింది మూడు నాలుగు తరాల పిల్లల రక్తంలో.

రుజువు కోసం ఆగకుండా కదిలినప్పుడు ఏమైందో కూడా చూద్దాం. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ అన్నప్పుడు అది ప్రయోగశాల కెమిస్ట్రీ మీద కట్టిన ఊహ. అంటార్కిటికా మీద ఓజోన్ తరుగుదలను బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో బయటపెట్టారు. ఆ తరుగుదలకు అసలు కారణమేమిటన్న చర్చ ముగియకముందే, 1987లో ప్రపంచ దేశాలు మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పరిశ్రమలు కూలిపోలేదు, ప్రత్యామ్నాయాలు కనిపెట్టుకున్నాయి. సంపూర్ణ శాస్త్రీయ నిర్ధారణ లేదన్న సాకుతో, కోలుకోలేని హానిని ఆపే చర్యలను వాయిదా వేయకూడదని 1992 రియో ప్రకటనలోని 15వ సూత్రం చెప్పింది ఈ అనుభవం తర్వాతే.

మన దగ్గర ఈ ముందుజాగ్రత్త సూత్రం దిగుమతి సరుకేమీ కాదు. తమిళనాడులోని తోళ్ల పరిశ్రమల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు దీన్ని దేశ చట్టంలో భాగంగా గుర్తించింది. దీనికి పూర్తి రూపం వచ్చింది మాత్రం హైదరాబాద్ మంచినీళ్ల గొడవలో. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో, ఆముదం నుంచి రసాయనాలు తీసే ఒక కంపెనీ స్థలం కొనుక్కుంది. వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం వంటి వ్యర్థాలు నేలలోకి ఇంకి జలాశయాలకు చేరతాయేమోనన్నది కాలుష్య నియంత్రణ మండలి భయం. అనుమతి నిరాకరించింది. టెక్నాలజీ సురక్షితమని ఒక నిపుణుడు ఇచ్చిన అఫిడవిట్‌ను నమ్మి అప్పీలు అధికారి కంపెనీ వైపు తీర్పిచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం సైతం పది కిలోమీటర్ల నిబంధన నుంచి ఆ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు, శాస్త్రానికి ఉన్న అనిశ్చితిని ఒప్పుకుంటూనే, హాని లేదని చూపవలసిన భారం పరిస్థితిని మార్చాలనుకునేవారిదేనని చెప్పింది. 2000 డిసెంబరులో అదే కోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. ఈ తీర్పును పరిశ్రమ మీద పగగా చూసేవాళ్లు ఒక్కటి గమనించాలి. ఆముదం ఫ్యాక్టరీని మరోచోట పెట్టుకోవచ్చు. జలాశయాన్ని తీసుకెళ్లి మరోచోట పెట్టలేం.

ఇక అభ్యంతరాలు. వీటిలో బలమైనది అమెరికన్ న్యాయ పండితుడు క్యాస్ సన్‌స్టీన్ లేవనెత్తింది: ఏ పని చేసినా ప్రమాదమే, చేయకపోయినా ప్రమాదమే, అలాంటప్పుడు ఈ సూత్రం అన్ని దారులనూ మూసేసి మనల్ని కదలకుండా చేస్తుంది. సూత్రాన్ని "అనుమానముంటే ఆపెయ్" అని చదివితే ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. రియో ప్రకటన అలా అనలేదు, మన కోర్టూ అనలేదు. తూకం వేయవలసింది మూడు విషయాలను: జరిగే హానిని తిరిగి సరిచేయగలమా, లాభం ఒకరిదీ నష్టం మరొకరిదీ అవుతోందా, అదే అవసరం తీరే వేరే దారి ఉందా. పోలియో చుక్కల మీద ఎవరైనా అనుమానం లేపారనుకోండి. ఆపితే బిడ్డ కాళ్లు పోవచ్చు, వేస్తే మేలు ఆ బిడ్డకే. కాబట్టి ఇదే తూకం చుక్కలు వేయమంటుంది. చెరువు ఎగువన రసాయన యూనిట్‌ను పెడితే లాభం యజమానిది, నీళ్లు తాగేది ఊరు; అదే తూకం అక్కడ ఆగమంటుంది. టీకాలంటే భయపడేవాళ్లు కూడా ఈ సూత్రం పేరే చెప్పుకుంటారని దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

రెండో అభ్యంతరం, ఇలా ప్రతి అనుమానానికీ తలొగ్గితే లేనిపోని భయాలతో పరిశ్రమలు మూతపడతాయని. వినడానికి సబబుగానే ఉంది, లెక్కలు మాత్రం వేరే చెబుతున్నాయి. అనవసర భయాలుగా విమర్శకులు చూపిన 88 ఉదంతాలను పరిశోధకులు ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, నిజంగా లేని ప్రమాదానికి ఆంక్షలు పెట్టినవి నాలుగే తేలాయి. యూరోపియన్ పర్యావరణ సంస్థ 2013లో ఆ ఫలితాన్ని ప్రచురించింది. ఆ నాలుగింటిలో ఒకటైన శాకరిన్‌కు అమెరికాలో ఏళ్ల తరబడి క్యాన్సర్ హెచ్చరిక ముద్ర పడింది; తర్వాత తీసేశారు. హెచ్చరిక చీటీని చించేయగలిగారు, సీసం తిన్న మెదడును మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. రెండు తప్పులూ తప్పులే అయినా బరువులు సమానం కావు.

మూడో అభ్యంతరాన్ని మాత్రం నిజాయితీగా ఒప్పుకోవాలి: మన దేశంలో ముందుజాగ్రత్త తరచూ గడువులేని నిషేధంగా మారి అటకెక్కుతోంది. హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్నాక అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2010 ఫిబ్రవరిలో జన్యుమార్పిడి బీటీ వంకాయను నిలిపివేశారు. స్వతంత్ర పరీక్షలు జరిగి నమ్మకం కలిగేదాకా అన్నది దాని షరతు. ఆ షరతు అలాగే ఉండిపోయింది. పక్కనున్న బంగ్లాదేశ్ 2013లో అదే వంగకు అనుమతిచ్చి సాగు చేయించింది. ఇది సూత్రం లోపమా? ఆపిన ప్రభుత్వం తెలుసుకునే బాధ్యతను కూడా నెత్తికెత్తుకోవాలి. ఆ సగం పని వదిలేస్తే అది జాగ్రత్త అనిపించుకోదు, తప్పించుకోవడం అవుతుంది.

విచిత్రమేమిటంటే, రుజువు లేకుండా కదలడం మన ప్రభుత్వాలకు చేతకాని విద్యేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదమిత్థంగా తేలలేదు. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పని, నొప్పి మాత్రలు, ఇలా అనుమానాల జాబితా పెద్దదే. అయినా కారణం తేలేదాకా ఆగకుండా, సుమారు 700 కోట్లతో హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. సిలికా మీద రుజువేదని ఎవరూ నిలదీయలేదు. నిలదీయనక్కర్లేదు కూడా. నీళ్లు ఇవ్వడానికి అవసరంలేని రుజువు, నీళ్లను కాపాడటానికి ఎందుకు తప్పనిసరి అవుతోంది? మొదటిదాంట్లో ప్రారంభోత్సవం ఉంది, కాంట్రాక్టు ఉంది. రెండోదాంట్లో ఎవరి లాభానికో అడ్డుపడాలి. శాస్త్రీయ ప్రమాణం పేరుతో చలామణీ అవుతున్నది ఈ తేడాయే.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో జంట జలాశయాల ఆంక్షలను ఎత్తివేయబోయినప్పుడూ ఈ లెక్కే పనిచేసింది. కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కనుక పాత జలాశయాల అవసరం తగ్గిందన్నారు. తగ్గి ఉండొచ్చు. కానీ వాటిని కట్టింది నీళ్ల కోసమే కాదు, వరదలను ఆపడానికి కూడా. చుట్టూ కాంక్రీటు లేచాక మళ్లీ అవసరం పడితే తిరిగి తెచ్చుకునే వీలుండదు.

కాబట్టి అనుమతుల ఫైళ్లలో ఒక మార్పు కావాలి. "హానికి ఆధారాల్లేవు" అని రాసే అధికారి, ఆ వాక్యం కింద మరో మూడు రాయడం తప్పనిసరి చేయాలి: ఆధారాల కోసం వెతికిందెవరు, ఎవరి డబ్బుతో; మిగిలిన సందేహాలను ఎన్నాళ్లలో తేలుస్తారు; ఆలోపు తప్పు జరిగితే నష్టం మోసేదెవరు, వాళ్లకు ఇవ్వవలసిన పరిహారం సొమ్మును ముందే డిపాజిట్ చేసిందెవరు. ఆపేస్తూ రాసే ఫైలుకూ ఇదే నియమం, ఇదే గడువు. ఈ మూడింటికీ జవాబు రాయలేని అనుమతి, శాస్త్రం పేరు వాడుకునే అర్హతను కోల్పోతుంది.