అమ్మానాన్నల టికెట్ బుక్ చేసే ముందు...

అమెరికాలో అమ్మాయికి పురుడు. అమ్మానాన్నలకు వీసా వచ్చేసింది. ఇక ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఏ విమానం చౌక? లగేజీ ఎన్ని కిలోలు? పచ్చళ్లు ఎలా సర్దాలి? ‘అంతసేపు అమ్మ కూర్చోగలదా?’ అన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో ఆఖరున వస్తుంది. అది మొదట రావాలంటాను.

సింగరాయకొండ నుంచి డల్లాస్ వెళ్లే దంపతుల సంగతే చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దాదాపు 4 గంటలు. అక్కడి నుంచి డల్లాస్ సుమారు 12,900 కిలోమీటర్లు, దాదాపు 16 గంటలు. ‘ఇరవై గంటలే నాన్నా’ అంటారు పిల్లలు. కానీ శంషాబాద్ చేరడానికే కారులో ఆరేడు గంటలు. విమానాశ్రయంలో మూడు గంటలు ముందే ఉండాలి. దుబాయ్‌లో ఇంకో మూడు గంటలు. దిగాక ఇమ్మిగ్రేషన్ క్యూ. అన్నీ కలిపితే దాదాపు 35 గంటలు. అందులో నడుం వాల్చే వీలు దాదాపు ఉండదు.

ఇది ఒట్టి అలసట కాదు. 4 గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానానికే కాదు, కారు, బస్సు, రైలుకూ ఇది వర్తిస్తుంది. అంటే మన లెక్క శంషాబాద్‌లో కాదు, ఇంటి గుమ్మం దగ్గరే మొదలవ్వాలి. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఈ సమస్య దాదాపు 6,000 మందిలో ఒకరికే వస్తుంది కాబట్టి భయపడి ప్రయాణం మానుకోనక్కర్లేదు. అయితే ఊబకాయం, క్యాన్సర్, ఇటీవల పెద్ద ఆపరేషన్, గతంలో రక్తం గడ్డకట్టడం వంటివి ఉంటే ముప్పు పెరుగుతుంది.

చిక్కేమిటంటే, పెద్దవాళ్లు చెప్పరు. ఆయాసం వస్తున్నా ‘బిడ్డ కంగారుపడుతుంది’ అని దాచుకుంటారు. అందుకే టికెట్ కొన్నాక కాదు, కొనకముందే డాక్టర్‌కు చూపించండి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఉంటే ఇది తప్పనిసరి. విమానంలో గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండపై ఉన్నట్టు ఉంటుంది. ఆక్సిజన్ కాస్త తగ్గుతుంది. పడమరకు వెళ్తే రోజు సాగుతుంది కాబట్టి ఇన్సులిన్ వేళలు ముందే రాయించుకోండి. ఇన్సులిన్, మందులు చేతి సంచిలోనే ఉండాలి.

కాస్త డబ్బు ఎక్కువైనా ఒక రాత్రి హైదరాబాద్‌లో పడుకుని బయల్దేరేలా చూడండి. నడవ పక్క సీటు తీసుకోండి. గంటకోసారి పాదాలు ఆడించాలి, వీలైనప్పుడల్లా నాలుగడుగులు వేయాలి. బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేయొద్దు. బిగుతు మేజోళ్లు, రక్తం పలచబడే మాత్రలు డాక్టర్ చెబితేనే.

చేరిన తర్వాత కొన్ని వారాల వరకూ ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ‘ప్రయాణం బడలిక’ అని ఊరుకోవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఈ సంగతి అక్కడున్న పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి. మనవణ్ని ఎత్తుకోవడానికి వెళ్తున్నవాళ్లు ఆరోగ్యంగా చేరడం కంటే చౌక టికెట్ ముఖ్యం కాదు.