ర్యాంపు సరే, ఆ మైకు సంగతేంటి?

ఏ పెద్దాస్పత్రి ఓపీకైనా పొద్దున పదింటికి వెళ్లి చూడండి. మైకులో టోకెన్ నంబర్లు మోగుతుంటాయి. గోడకున్న టీవీలో చర్చ పేరిట అరుపులు. పక్క కుర్చీలో ఒకాయన స్పీకర్ పెట్టి మరీ రీల్స్ చూస్తుంటాడు. నెత్తిన ట్యూబ్‌లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మనలో చాలామందికి ఇది కాసేపటి చిరాకు. ఆటిజం ఉన్నవాళ్లలో ఎందరికో మాత్రం అవసరమైన శబ్దం, అక్కర్లేని శబ్దం వేరుపడవు. అన్నీ ఒక్కసారే మీద పడతాయి. తన నంబరు పిలిచారో లేదో తేల్చుకునేలోపే ఓపిక అయిపోతుంది. చెవులు మూసుకుని బయటికి నడిస్తే పొగరంటారు, కూర్చున్నచోటే ఊగితే తాగొచ్చాడంటారు. గుమ్మం దగ్గర ర్యాంపు ఉంది కాబట్టి, కాగితాల్లో ఆ ఆస్పత్రి అందరికీ అందుబాటులో ఉన్నట్టే.

ఆటిజం అనగానే మనకు పిల్లలే గుర్తొస్తారు. థెరపీ సెంటర్ల బోర్డుల మీదా వాళ్ల బొమ్మలే. ఆ పిల్లలు పెద్దయి బస్సెక్కుతారు, బ్యాంకులో క్యూ కడతారు, ఉద్యోగాలకూ వెళతారు. 1995 నాటి చట్టం ఆటిజాన్ని పట్టించుకోలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చి, ఉద్యోగ రిజర్వేషన్లలోనూ చోటిచ్చింది. కొలువిచ్చాక ఆ మనిషి ఎలాంటి హాల్లో కూర్చుని పనిచేయాలన్నది ఇంకా ఎవరికీ పట్టని విషయమే.

ఇప్పుడు పట్టించుకోక తప్పని పరిస్థితి వచ్చింది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు చెప్పింది. అందుబాటు ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన, 2016 చట్టం కింద చేసిన 15వ నిబంధన ఆ చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు 3 నెలల్లో రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది మన హైదరాబాద్‌లోనే, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రంలో.

మరి ఆ ప్రమాణాల్లో చప్పుడుకూ వెలుగుకూ చోటుంటుందా? ఉండాలంటే ఆటిజం ఉన్న పెద్దవాళ్లనే అడగాలి. అలా అడగనక్కర్లేకుండా, వాళ్లే నడిపి చూపించిన సమావేశం ఒకటుండేది. అమెరికాలో జిమ్ సింక్లెయిర్, మరికొందరు ఆటిజం ఉన్నవారు కలిసి 1996లో ‘ఆట్రీట్’ మొదలుపెట్టారు. సెంట్లు పూసుకు రావద్దు, ఫ్లాష్‌తో ఫొటోలు తీయొద్దు, అడక్కుండా ఒంటిమీద చెయ్యి వేయొద్దు అన్నారు. మెడలో రంగు బ్యాడ్జీ వేసుకునేవారు. ఎరుపు ఉంటే పలకరించొద్దని, పసుపు ఉంటే తెలిసినవాళ్లు మాత్రమే మాట్లాడొచ్చని అర్థం. ఆకుపచ్చ బ్యాడ్జీ పెట్టుకున్నవారికి మాట్లాడాలని ఉంటుంది గానీ మొదలుపెట్టడం కష్టం. అవతలివాళ్లే చొరవ చూపాలి. ఖర్చు నాలుగు అట్టముక్కలు. పెళ్లిళ్లలో డీజే పక్కన నిలబడి కుశలమడిగే మనకూ ఆ ఎర్ర బ్యాడ్జీ అప్పుడప్పుడూ పనికొస్తుంది.

బ్రిటన్‌లో మారిసన్స్ సూపర్‌మార్కెట్లు 2018లో శనివారం ఉదయం 9 నుంచి 10 దాకా పాటలు ఆపి, లైట్లు తగ్గించే పద్ధతి తెచ్చాయి. మంచిదే. కానీ వారానికో గంట ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. జ్వరం శనివారమే రాదు కదా.

ఒక చిక్కు మాత్రం నిజంగానే ఉంది. బస్టాండ్‌లో మైకు ఆపేస్తే చూపులేని ప్రయాణికుడికి ఏ ప్లాట్‌ఫాం మీద ఏ బస్సుందో తెలియదు. ఒకరికి సాయమైనదే ఇంకొకరికి హింస కావచ్చు. అందుకే అన్నిటినీ ఆపేయమని ఎవరూ అడగడం లేదు. బస్సు ప్రకటన ఉండాలి, దాని నడుమ సబ్బుల ప్రకటన అక్కర్లేదు. నంబరు పిలవడంతో పాటు తెర మీదా కనిపించాలి, లేదా ఫోన్‌కు మెసేజ్ రావాలి. టీవీ మూగపోతే ఏ రోగికీ నష్టం లేదు. ఓ మూల మసక వెలుతురున్న చిన్న గది ఉంటే పసిపిల్లల తల్లులకూ, మైగ్రేన్ ఉన్నవాళ్లకూ అక్కరకొస్తుంది. కౌంటర్ దగ్గర ఏ కాగితాలు తేవాలో, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పడానికి సిమెంటు పనేమీ అవసరం లేదు.

ఇలాంటివి చర్చించే కమిటీల్లో ఇంజినీర్లు, డాక్టర్లు ఉంటారు. మహా అయితే ఒకరిద్దరు తల్లిదండ్రులు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లనూ అందులో సభ్యులుగా వేయాలి. అజెండా వారం ముందు పంపాలి, చెప్పిన టైముకే మొదలుపెట్టాలి. నోటితో చెప్పలేనివారు టైపు చేసి పంపిన మాటను కూడా మినిట్స్‌లో సభ్యుడి అభిప్రాయంగానే రాయాలి.