తెర ఎవరిని దాస్తుంది?

పిల్లలూ, పగలు పల్చని తెర కట్టిన కిటికీ దగ్గర కూర్చుంటే మీకు వీధంతా కనిపిస్తుంది. వీధిలోవాళ్ళకు మాత్రం మీరు కనిపించరు. ఎందువల్ల? తెరమీద పడిన ఎండ వెనక్కు మరలి వాళ్ళ కళ్ళను నింపేస్తుంది. గదిలోనుంచి వచ్చే కొద్దిపాటి వెలుతురు అందులో కలిసిపోతుంది. జయపూరులో 1799లో కట్టిన హవామహలుకు 953 చిన్న కిటికీలున్నాయి. రాణివాసపు స్త్రీలు వాటి జాలీల చాటున నిలబడి, ఎవరి కంటా పడకుండా ఊరేగింపులు చూసేవారు. అక్కడా ఇదే కిటుకు!

అయితే రాత్రి దీపం వేయగానే అంతా తారుమారవుతుంది. ఇప్పుడు వెలుతురు మీ వైపు. మీరు చదువుకోవటం, అక్కయ్య జడ వేసుకోవటం వీధికి తోలుబొమ్మలాట అయిపోతుంది. మీకేమో బయట చీకటి తప్ప ఏమీ కనిపించదు. నమ్మకం లేకపోతే ఇవాళ రాత్రి నాన్నగారితో వీధిలోకి వెళ్ళి మీ కిటికీకేసి చూడండి.

ఈ బాధ పడలేక కొందరు ఏకంగా కిటికీ తలుపులే మూసేస్తారు. పాపం, గాలి ఏం చేసింది? రెండు తెరలుంటే సరి: పగటికి పల్చనిది, రాత్రికి దట్టమైన గుడ్డ. కిటికీ వీధికి మరీ దగ్గరైతే పగటి తెర సగందాకా కడితే చాలు. పై సగంలోనుంచి ఆకాశం కనిపిస్తుంది, వెలుతురూ వస్తుంది. ఆ తెర ఎంత ఎత్తుండాలో మాత్రం గదిలో కాదు, వీధిలో నిలబడి చూసుకోవాలి.