మొయ్యడానికా? మోగించడానికా?

అమెరికాలో తుపాకుల దుకాణానికి వెళ్లి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ చూపించమంటే కౌంటరు మీద నాలుగైదు రకాలు పరుస్తారు. ఒక్కోటీ ఎత్తి భుజానికి ఆనించి చూస్తాం. అన్నింట్లోకీ తేలిగ్గా ఉన్నదే చేతికి ముద్దొస్తుంది. చిక్కంతా అక్కడే. దుకాణంలో తుపాకీ పేలదు కదా! దాని అసలు గుణం తెలిసేది యాభయ్యో తూటా పేల్చాకే.

అక్కడ స్థిరపడి, ఈ సరదా ఉన్నవాళ్లకీ కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకీ ఈవారం నాలుగు మాటలు.

రెండు ఆటలు... రెండు లెక్కలు

క్లే షూటింగ్ అంటే యంత్రం విసిరే చిన్న పళ్లేన్ని గాల్లోనే పగలగొట్టడం. పేరుకి మట్టి పళ్లెమే గానీ సున్నపురాయి పొడి, తారులాంటి జిగురు కలిపి చేస్తారు. అడ్డంగా కొలిస్తే 11 సెంటీమీటర్లు కూడా ఉండదు. ట్రాప్, స్కీట్ పోటీల్లో ఒక రౌండుకి 25 పళ్లేలు. స్పోర్టింగ్ క్లేస్ అయితే ఒక్క పూటలో 100 తూటాలు ఖర్చయిపోవడం మామూలే. తూటాకి 28 గ్రాముల సీసం వేసుకున్నా... పొద్దుటినుంచి మధ్యాహ్నంలోపు 2.8 కిలోల సీసం మన భుజం మీదుగా వెళ్లినట్టే!

వేట సంగతి వేరు. దక్షిణ డకోటాలో ఫెజెంట్ పక్షుల వేటకి పెట్టింది పేరు. అక్కడ ఒక మనిషి రోజుకి కొట్టగలిగింది మూడు పుంజుల్నే. ఆ మూడింటి కోసం కోతకోసిన మొక్కజొన్న చేలల్లో, నడుమెత్తు గడ్డిలో గంటలకొద్దీ నడవాలి. పేల్చేవి నాలుగో ఐదో తూటాలు. మోసేది మాత్రం రోజంతా.

అంటే క్లే మైదానంలో తుపాకీ మోగుతుంది. వేటలో మన చేతిమీద ఊరేగుతుంది. ఏది కొనాలన్న ప్రశ్నకి జవాబు ఈ తేడాలోనే ఉంది.

లోపల ఏం జరుగుతుంది?

సెమీ ఆటోమేటిక్ అంటే ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది. ఖాళీ తొడుగుని బయటికి విసిరి, తరవాతి తూటాని లోపలికి ఎక్కించే పని మాత్రం తుపాకీ తనంతట తానే చేసుకుంటుంది. ఈ తరహా షాట్‌గన్‌కి మొదటిసారి విజయం తెచ్చినవాడు జాన్ మోసెస్ బ్రౌనింగ్. 1900లో పేటెంటు పొందిన ఆయన డిజైను ఆటో-5 పేరుతో 1990ల చివరిదాకా తయారవుతూనే ఉంది. అందులో పేలిన ప్రతిసారీ గొట్టం మొత్తం వెనక్కి జరిగేది.

ఇప్పుడు దుకాణాల్లో ప్రధానంగా దొరికేవి రెండు పద్ధతులవి. మొదటిది గ్యాస్. గొట్టంలో ఉన్న సన్నటి రంధ్రాల గుండా కొంత గ్యాసు పక్కకి మళ్లి, పిస్టన్‌ని తోసి పని నడిపిస్తుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. బెరెట్టా ఏ400 కూడా ఈ కోవదే.

రెండోది ఇనర్షియా. ఆర్టీసీ బస్సు ఒక్క ఉదుటున కదిలితే నిలబడ్డ మనిషి ఉన్నచోటే ఉండిపోయి వెనక్కి తూలుతాడు చూశారా... అదే సూత్రం. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు లోపలి బరువైన బోల్టు కదలకుండా ఉండబోతుంది. దాంతో మధ్యలో ఉన్న స్ప్రింగు అణిగి, మరుక్షణం విచ్చుకుని పని కానిస్తుంది. ఇటలీ కంపెనీ బెనెల్లీకి పేరు తెచ్చింది ఇదే.

గ్యాస్ తుపాకీలో దెబ్బ కాస్త సాగి, నెమ్మదిగా తగిలినట్టుంటుంది. అయితే మసి పిస్టన్‌కి పడుతుంది, శుభ్రం చేస్తూ ఉండాలి. ఇనర్షియా తుపాకీలోకి గ్యాసు రాదు కాబట్టి మసి తక్కువ, భాగాలూ తక్కువే. బురదలో, చలిలో బాతుల వేటకి వెళ్లేవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే. దీనికీ ఓ పట్టింపుంది. మరీ తేలిక తూటాలు వేస్తే కొన్నిసార్లు తరవాతి తూటా ఎక్కదు. బోల్టుని చేత్తో మెల్లగా వదిలితే పూర్తిగా మూసుకోకపోవచ్చు. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని ఊరుకుంటుంది. పక్షి ఎగిరిపోతుంది!

బరువు చెప్పే నిజం

ఒకే తూటాని 2.8 కిలోల తుపాకీలోంచీ 3.5 కిలోల తుపాకీలోంచీ పేల్చారనుకుందాం. తేలిక తుపాకీ వెనక్కి తన్నే శక్తి సుమారు పావువంతు ఎక్కువ. ఇది ఏ కంపెనీ ప్రకటనా మార్చలేని లెక్క. ఐదు తూటాలకైతే ఎవరూ పట్టించుకోరు. వందకి మాత్రం భుజం కందుతుంది. అంతకన్నా నష్టం ఇంకోటుంది. దెబ్బ తగులుతుందన్న భయంతో ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుపోవడం, చెయ్యి అదరడం అలవాటవుతాయి. పట్టుకుంటే వదలని అలవాటిది. పళ్లెం తప్పితే పోయేది ఒక మార్కు. అడవిలో గురి తప్పితే గాయపడిన పక్షి ఏ పొదలోనో నరకయాతన పడుతుంది.

అందుకే కొనేముందు ఏడాదికి ఎన్ని తూటాలు పేలుస్తారో, అవి ఎక్కడ పేలుస్తారో ఒక కాగితం మీద వేసుకోండి. ఎక్కువభాగం క్లే మైదానంలోనైతే మూడున్నర కిలోల దరిదాపుల్లో ఉన్న గ్యాస్ తుపాకీ, 28 లేదా 30 అంగుళాల గొట్టం మేలు. నడిచే వేటే ప్రధానమైతే మూడు కిలోల చుట్టుపక్కల ఉన్న ఇనర్షియా. రెండూ సగంసగమైతే గ్యాసుకే మొగ్గండి. నాలుగు తూటాల కోసం మోసే బరువు ఒక్క రోజుది. నాలుగు వేల తూటాల దెబ్బ ఏళ్ల తరబడిది.

మూడున్నర అంగుళాల తూటా కూడా పడుతుందని దుకాణంవాళ్లు ఊరిస్తారు. క్లేకి రెండుంముప్పావు అంగుళాలవి చాలు, వేటలోనూ మూడంగుళాలవి చాలావాటికి సరిపోతాయి. ఆ డబ్బుతో తూటాలు కొని సాధన చెయ్యడం నయం.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది కొలత. కళ్లు మూసుకుని తుపాకీని భుజానికెత్తి, అప్పుడు కళ్లు తెరవండి. చూపు గొట్టం మీదుగా సూటిగా వెళ్తే అది మీదే. కాస్త తేడా ఉంటే కర్రభాగంలో పలుచని బిళ్లలు మార్చి సరిచేసే సదుపాయం ఇప్పుడు చాలావాటికి ఉంది.

చట్టంతో ఆటలొద్దు

వలస పక్షుల వేటలో సాధారణంగా తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకూడదు. మ్యాగజైన్‌లో అడ్డుకర్ర పెట్టుకోవాలి. బాతుల మీద సీసపు గుండ్లు 1991 నుంచి అమెరికా అంతటా నిషిద్ధం. ఉక్కు గుండ్లు వాడేటప్పుడు మరీ బిగుతైన చోక్ పనికిరాదు.

మనవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాలతో వెళ్లినవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 'రేంజిలో స్నేహితుడి తుపాకీతో రెండంటే రెండు పేల్చా' అన్నా కుదరదు. శిక్ష పడితే అమెరికాలో ఉండటానికే ఎసరు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఈ అడ్డు లేదు. అనుమానం ఉంటే ముందు లాయరు, తరవాతే దుకాణం.

ఇక్కడి సంగతంటారా... 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేట నేరం. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ మామూలు లైసెన్సుకి అందదు. క్లే ఆటకి మాత్రం లోటులేదు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ రాథోడ్ డబుల్ ట్రాప్ రజతం, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనాన్ చెనాయ్ ట్రాప్ కాంస్యం, జట్టుతో కలిసి స్వర్ణం... వాళ్ల చేతుల్లో ఉన్నవి పైనొకటి కిందొకటి గొట్టాలుండే డబుల్ బ్యారెల్ తుపాకులు.

చివరిగా ఒక మర్యాద. డబుల్ బ్యారెల్ తుపాకీని విరిచి పట్టుకుంటే ఖాళీగా ఉందని అందరికీ కనిపిస్తుంది. సెమీ ఆటోమేటిక్‌కి ఆ సౌకర్యం లేదు. కాబట్టి మీ వంతు వచ్చేదాకా బోల్టు తెరిచే ఉంచండి. తుపాకీ ఏదైనా, పక్కన నిలబడ్డవాడు నిశ్చింతగా ఉన్నప్పుడే అది సరదా!