ఎవరు ఎక్కడ కొంటారో తెలియనప్పుడు ఎన్ని బస్తాలు ఉంచాలి?

కిరాణా కొట్టు నడిపేవారిని రోజూ వేధించే ప్రశ్న ఒకటే: ఎంత సరుకు తెచ్చి పెట్టుకోవాలి? తక్కువైతే వచ్చిన మనిషి ఖాళీ సంచితో వెళ్లిపోతారు. ఎక్కువైతే డబ్బు బస్తాల్లో ఇరుక్కుంటుంది. రేషన్ షాపుకు చాలాకాలం ఈ బెంగ లేదు. కార్డులెన్నో తెలుసు, కార్డుకు ఎన్ని కిలోలో తెలుసు. 500 కార్డులు, 35 కిలోల చొప్పున 175 క్వింటాళ్లు. గుణకారం వస్తే చాలు.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో 2012లో ఈ లెక్క మారింది. ఆ ఏడాది మొదలైన 'కోర్ పీడీఎస్' ఏర్పాటుతో, కార్డుదారు తనకు కేటాయించిన షాపులోనే కొనాలన్న కట్టుబాటు పోయింది. దీన్ని 'మేరీ మర్జీ' అన్నారు, అంటే నా ఇష్టం. తూకం తేడాగా ఉన్నా, షాపు వేళకు తెరవకపోయినా, పక్క షాపుకు వెళ్లొచ్చు. కార్డుదారులకు ఇది మేలే, సందేహం లేదు. కానీ ఆ రాష్ట్రం 2004లోనే షాపులను ప్రైవేటు డీలర్ల నుంచి తీసి పంచాయతీలకు, మహిళా స్వయం సహాయక సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించింది. కౌంటరు వెనుక కూర్చున్న అలాంటి సంఘానికి గుణకారం పోయి సంభావ్యత వచ్చి పడింది.

ఒక ఊహా లెక్క చూద్దాం. చుట్టుపక్కల 800 కుటుంబాలున్నాయి, ఒక్కో కుటుంబం ఈ షాపుకు రావడానికి సగం అవకాశం ఉంది. సగటున 400 కుటుంబాలు వస్తాయి. గణాంకశాస్త్రం ప్రకారం దాదాపు అన్ని నెలల్లోనూ అటూ ఇటూ 28కి మించి తేడా ఉండదు. అంటే పది క్వింటాళ్లు, సుమారు 20 బస్తాలు అదనంగా ఉంచితే సరిపోతుంది.

కాగితం మీద ఇది ముచ్చటగా ఉంటుంది. కానీ ఈ లెక్క ప్రతి కుటుంబమూ విడిగా నిర్ణయం తీసుకుంటుందని అనుకుంటుంది. ఒక షాపులో మిషన్ మొరాయిస్తే అక్కడి జనమంతా ఒకేసారి పక్క షాపు ముందు వరుస కడతారు. 20 బస్తాలు ఏ మూలకు? 1913లో అమెరికన్ ఇంజనీరు ఫోర్డ్ హారిస్ సరుకు ఎంతెంత తెప్పించుకోవాలో చెప్పే ప్రసిద్ధ సూత్రం ఇచ్చాడు. అదీ అమ్మకం నిలకడగా ఉంటుందన్న నమ్మకం మీదే నిలబడింది.

మరి ప్రతి షాపులోనూ వంద బస్తాలు అదనంగా పేర్చితే? బియ్యం ఇనుప మేకులు కావు. నిల్వ ఉంటే ముక్కపురుగు పడుతుంది. పైగా ఆరిపోతుంది. 14 శాతం తేమతో వచ్చిన 100 కిలోల బియ్యం 12 శాతానికి ఆరితే 97.7 కిలోలే తూగుతుంది. ఎవరూ పిడికెడు తీయకుండానే రెండు కిలోలకు పైగా మాయం! లెక్కల పుస్తకానికి ఈ సంగతి పట్టకపోతే, దొంగతనం మాట పడేది కౌంటరు దగ్గర కూర్చున్న ఆమే.

అసలు కిటుకు ఇంకోచోట ఉంది. జనం షాపులు మారినంత మాత్రాన నగరం మొత్తానికి కావలసిన బియ్యం మారదు, ఎక్కడ కావాలన్నదే మారుతుంది. ఒక షాపులో లేని బస్తా పక్క షాపులో మిగిలిపోయి ఉంటుంది. కాబట్టి నెల కోటా మొత్తాన్ని ఒకేసారి షాపులకు పంచేయడం తప్పు. ముందు మూడింట రెండు వంతులు పంపి, మిగతాది గోదాములోనే ఆపి, వారం పది రోజుల అమ్మకం చూశాక ఎక్కడ తగ్గితే అక్కడికి పంపాలి. ఏ షాపులో ఎంత అమ్ముడైందో మిషన్లు ఎలాగూ చెబుతాయి. ఆ అంకెను తనిఖీకి మాత్రమే వాడి, లారీని పంపడానికి వాడకపోతే సగం పని వదిలేసినట్టే.

లారీ రెండుసార్లు తిరిగితే ఖర్చు పెరుగుతుంది, నిజమే. దాన్ని షాపు కమీషన్‌లోంచి కోయకూడదు. ఎంపిక స్వేచ్ఛ ఇచ్చింది ప్రభుత్వం, దాని రవాణా ఖర్చూ ప్రభుత్వానిదే.

ఇది రాయ్‌పూర్ గొడవే కాదు. 2019 ఆగస్టులో రాష్ట్రాల మధ్య రేషన్ కార్డు చెల్లుబాటును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. వలస కూలీ ఏ నెల ఏ ఊళ్లో పనికి కుదురుతుందో ఏ కోటా కాగితమూ ముందుగా చెప్పలేదు. ఆ పూట కూలి వదులుకుని వరుసలో నిలబడ్డ ఆమెకు, మిషన్ కార్డును గుర్తించాక కూడా 'స్టాకు లేదు, రేపు రా అమ్మా' అన్న మాటే వినబడితే, పోయేది రెండో రోజు కూలి కూడా.